వెంకటాచలం అంటే 27 బైట్లు

వెంకటాచలం అని పలక మీద రాసి, ఎన్ని అక్షరాలని అడిగితే బడికెళ్లే పిల్లవాడు 5 అంటాడు: వెం, క, టా, చ, లం. అదే పేరు కంప్యూటర్ లెక్కలో 9. దానికి వ వేరు, ఎత్వం వేరు, సున్న వేరు. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఫైలులో దాచినా ఈమెయిల్లో పంపినా ఆ తొమ్మిదిలో ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటుంది. మొత్తం 27. వెంకటాచలం మండలంలోనే ఉన్న సర్వేపల్లికి అక్షరాలు 4 మాత్రమే, బైట్లు మాత్రం 30. ర్వే, ల్లి లోపల కంటికి కనిపించని పొల్లులు రెండున్నాయి గనక.

ఈ లెక్క టైపు చేసేవాళ్లకు ఎందుకంటే, తెలుగు అర్జీనో, కరపత్రాన్నో, థీసిస్ అధ్యాయాన్నో మెయిల్ చేశాక అవతలి నుంచి "ఓపెన్ చేస్తే అన్నీ పిచ్చి గీతలు వస్తున్నాయండీ" అని ఫోన్ రావడం మనకు అలవాటైపోయింది. అప్పుడు మనవాళ్లు చేసేవి రెండే పనులు. ప్రింటు తీసి, ఫొటో కొట్టి వాట్సాప్‌లో పెట్టడం. లేదా తెలుగుతో మనకెందుకని ఇంగ్లిష్‌లో తిరగరాయడం. రెండూ నష్టమే. ఫొటోలో ఉన్న అర్జీలో ఒక్క పేరు వెతకలేం, ఒక్క తప్పు దిద్దలేం, చూపులేనివాళ్ల ఫోన్ దాన్ని సరిగ్గా చదివి వినిపిస్తుందన్న భరోసా లేదు. ఇంగ్లిష్‌లోకి మార్చిన అర్జీ మీద అది రాయించుకున్న రైతు చదవకుండానే సంతకం పెడతాడు. పాడైన అక్షరాలను సరిగ్గా చూస్తే, ఎక్కడ తేడా వచ్చిందో అవే చెబుతాయి.

డబ్బాలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. అక్షరం క్షేమంగా ఉంది, దాన్ని గీసే ఫాంటు ఆ కంప్యూటర్లో లేదు, అంతే. తెలుగు ఫాంటు వేసుకుంటే సరిపోతుంది. పంపేవాళ్లే వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఫాంటును ఫైలులో పొదిగే గడిలో టిక్కు పెడితే అవతలివాళ్లకు ఆ పని కూడా ఉండదు.

వరసగా ప్రశ్నార్థకాలు వస్తే మాత్రం ఆ ఫైలు మీద ఆశ వదులుకోవాలి. తెలుగు తెలియని అక్షర సంకేతాల పట్టికలోకి తెలుగును సేవ్ చేయమంటే, సాఫ్ట్‌వేర్ తనకు అర్థంకాని ప్రతి గుర్తు చోటా 63 అనే అంకె రాసుకుంటుంది. 63 అంటే ప్రశ్నార్థకం. క ఉన్న చోటా 63, ల ఉన్న చోటా 63. ఏది ఎక్కడుందో చెప్పే ఆనవాలు మిగలదు. పాత నోట్‌ప్యాడ్‌లో ఇది తరచూ జరిగేది. విండోస్ 10కు 2019 మేలో వచ్చిన అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగానే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తోంది కాబట్టి అక్కడ ఆ బెడద తగ్గింది. ఎక్సెల్లో ఇంకా పొంచి ఉంది, ఆ సంగతికి మళ్లీ వస్తాను.

మూడో రకం చూడ్డానికి భయంకరం, నిజానికి బాగుపడే జబ్బు. తల మీద చిన్న వాలు గీతతో ఇంగ్లిష్ ఏ, పక్కనే డిగ్రీ గుర్తు, ఈ జంట ప్రతి మూడు గుర్తులకూ ఒకసారి వస్తుంటుంది. మధ్యలో అక్కడక్కడా డిగ్రీ బదులు కూడిక తీసివేత కలిసిన గుర్తు. అలా కనిపిస్తే మీ తెలుగు అక్షరాల బైట్లన్నీ భద్రంగా ఉన్నట్టే. సాఫ్ట్‌వేర్ వాటిని మూడేసి చొప్పున చదవాల్సింది పోయి ఒక్కొక్కటిగా చదువుతోంది.

క అక్షరానికున్న 3 బైట్లు 224, 176, 149. తెలుగు గుర్తులన్నిటికీ మొదటి బైటు 224. రెండోది 176 గానీ 177 గానీ. మూడోదే మారుతుంటుంది. పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన పాత విండోస్ పట్టికలో 224 అంటే తల మీద గీతున్న ఏ, 176 అంటే డిగ్రీ, 177 అంటే కూడిక తీసివేత, 149 అంటే నల్లని బొట్టు. అందుకే క అక్కడ గీతున్న ఏ, డిగ్రీ, బొట్టుగా కనబడుతుంది. ల అయితే చివర బొట్టు బదులు పైకెక్కిన చిన్న 2 ఉంటుంది, దాని మూడో బైటు 178 గనక.

ఇలాంటి ఫైలును వర్డ్‌లో తెరిచేటప్పుడు ఏ ఎన్‌కోడింగ్ అని అడిగితే యూటీఎఫ్-8 ఎంచుకోండి. ఎక్సెల్లో నేరుగా డబుల్ క్లిక్ చేయకుండా డేటా మెనూ నుంచి తెచ్చుకుని, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 పెట్టండి. యూటీఎఫ్-8కు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అంకె అది. తెలుగు తిరిగి వచ్చేస్తుంది.

ఆ పిచ్చి గీతలనే కాపీ చేసి వేరేచోట అతికించి, అక్కడ బాగుచేయాలని మాత్రం చూడకండి. పాత విండోస్ పట్టికలో 5 స్థానాలు ఖాళీ: 129, 141, 143, 144, 157. వాటికి కంటికి కనిపించే రూపమే లేదు కాబట్టి కాపీ చేసేటప్పుడు రాలిపోయే ప్రమాదం ఉంది. మన దురదృష్టం కొద్దీ కొమ్ముకు మూడో బైటు 129, పొల్లుకు 141. కొమ్ము లేని తెలుగు వాక్యం ఎంత అరుదు! వత్తు ఉన్న ప్రతిచోటా పొల్లు ఉంటుంది. అవి రాలిపోయాక నెల్లూరు నెలలూరగా తేలుతుంది. అందుకే బాగుచేయాల్సింది అసలు ఫైలును, తెర మీద కనబడే గీతలను కాదు.

నాలుగో రకంలో ఇలాంటి క్రమం ఏదీ ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు, గీతలున్న అచ్చులు కలగాపులగంగా వస్తాయి. పెళ్లిపత్రికలు, కరపత్రాలు కొట్టే డీటీపీ షాపులో అనులాంటి పాత ఫాంట్లతో చేసిన ఫైలు అది. ఇందులో తెలుగు పాడవలేదు, అసలు తెలుగే లేదు. ఇంగ్లిష్ అక్షరాలకు తెలుగు వేషం వేశారు, వేషం తీసేస్తే లోపలివి బయటపడ్డాయి.

ఆ షాపుల వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ప్రతి అక్షరానికీ ఒక అంకె కేటాయించే యూనికోడ్ పట్టిక మొదటి వెర్షన్ 1991 అక్టోబరులో వచ్చింది. అందులోనే తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు కేటాయించారు. కానీ అంకెలు కాగితం మీద ఉంటే సరిపోదు, వాటిని చదివి వత్తులు సరైన చోట పెట్టే సాఫ్ట్‌వేర్ కావాలి. విండోస్‌లో గౌతమి ఫాంటుతో తెలుగు వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో. అప్పుడు కూడా సెట్టింగుల్లోకి వెళ్లి ప్రత్యేకంగా టిక్కు పెట్టుకోవాల్సి వచ్చేది. ఏ టిక్కూ లేకుండా దానంతట అది పనిచేసింది 2007లో విస్టా వచ్చాకే. ఇన్నేళ్లూ పత్రికలు ఆగలేదు, పెళ్లిళ్లు ఆగలేదు, ఎన్నికల కరపత్రాలూ ఆగలేదు. పాత పద్ధతి ఫాంటులో ఉండేవి 256 స్థానాలు. 36 హల్లులకు 12 గుణింతాలు వేసుకున్నా 432 రూపాలు, అది వత్తులు కలపకముందు లెక్క. 256లో 432 పట్టవు కాబట్టి అక్షరాన్ని తలకట్టు, గుడి, వత్తు అని ముక్కలు చేసి, ఆ ముక్కలను ఇంగ్లిష్ అక్షరాల సీట్లలో కూర్చోబెట్టి పని నడిపారు. ఆ తరం ఆపరేటర్ల వేళ్లకు ఆ ముక్కల జాగాలన్నీ కంఠతా వచ్చు.

ఇబ్బంది ఆ ఫైలు షాపు గడప దాటినప్పుడే మొదలవుతుంది. కాగితం మీద అచ్చయ్యేదాకా బాగానే ఉంటుంది, మెయిల్లో పడగానే తెల్లముఖం వేస్తుంది. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఫాంటు ఏ వెర్షనో సరిగ్గా చెప్పాలి. మార్చాక వత్తులున్న మాటలన్నీ ఒకసారి కళ్లతో చదువుకోవాలి. ముక్కలను అతికించేటప్పుడు కన్వర్టర్ తడబడేది అక్కడే. కొత్తగా టైపు చేయించేవాళ్లు మాత్రం షాపులో కూర్చోగానే "యూనికోడ్‌లో కొట్టండన్నా" అని చెబితే ఈ తిప్పలే ఉండవు. విండోస్ 10లో 2019 నుంచి తెలుగుకు ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది. సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుని, విండోస్ మీట పట్టుకుని స్పేస్ బార్ నొక్కితే భాష మారుతుంది. ఇంటర్నెట్ ఉన్నవాళ్లకు తెలుగు టైపు చేసే లేఖిని వెబ్‌సైటు 2006 నుంచి అందుబాటులో ఉంది.

ఇంతవరకు చెప్పినవన్నీ కంటికి కనిపించే తప్పులు. కనిపించని తప్పు ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది అదే. పూర్ణానుస్వారం, అంటే మనం రోజూ రాసే సున్న, యూనికోడ్‌లో 3074. తెలుగు అంకెల్లోని సున్నా 3174. సరిగ్గా 100 తేడా. తెర మీద రెండూ గుండ్రమే. తొందరలో, లేదా కీబోర్డు సరిగ్గా తెలియక, సున్న రాయాల్సిన చోట అంకె సున్నా కొట్టేవాళ్లు చాలామంది. వె౦కటాచల౦ అని అలా రాసి ప్రింటు తీస్తే ఎవరూ పట్టుకోలేరు. అదే 40 పేజీల లబ్ధిదారుల జాబితాలో వెంకటాచలం అని సరైన సున్నతో వెతకండి. ఆ ఊరివాళ్లు ఎవరూ లేరని చెబుతుంది. జాబితాలో పేరున్న మనిషికి "మీ పేరు లేదమ్మా" అని జవాబు రావడానికి ఈ ఒక్క గుండ్రం చాలు.

పట్టుకోవడం తేలిక. వర్డ్‌లో ఆ గుండ్రం వెనకే కర్సర్ పెట్టి ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే దాని సంకేతం హెక్సాడెసిమల్ లెక్కలో బయటపడుతుంది. చివరి రెండు అంకెలు 02 అయితే సున్న, 66 అయితే అంకె. మళ్లీ అదే నొక్కితే అక్షరం తిరిగొస్తుంది. దిద్దడానికి ఫైండ్ అండ్ రీప్లేస్‌లో పై గడిలో ౦, కింది గడిలో ం పెట్టి రీప్లేస్ ఆల్ అంటే ఎన్ని వందలున్నా క్షణంలో మారిపోతాయి. తెలుగు అంకెలు నిజంగా వాడిన పత్రమైతే మాత్రం ఒక్కొక్కటీ చూసుకుంటూ మార్చాలి. ఎవరో ఇచ్చిన జాబితా చేతికి రాగానే మొదట ఈ పని చేసి, తర్వాతే వెతుకులాట మొదలుపెట్టమని నా సలహా.

జాబితాల ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఒక బడిలో 120 మంది తల్లిదండ్రులకు పేరు, పిల్లవాడి తరగతి, సమావేశం వేళ మార్చి ఉత్తరాలు పంపాలనుకుందాం. చేత్తో మారిస్తే 360 మార్పులు. వర్డ్‌లో మెయిలింగ్స్ అనే వరసలో మెయిల్ మెర్జ్ ఉంటుంది. ఉత్తరం ఒకటి, ఎక్సెల్ జాబితా ఒకటి ఇస్తే 120 ఉత్తరాలు అదే తయారుచేస్తుంది. ఎక్సెల్ జాబితాను ఎక్సెల్ ఫైలుగానే ఉంచండి. సీఎస్‌వీగా మార్చాల్సి వస్తే, మెనూలో సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని విడిగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఎక్సెల్ 2016 నుంచి వచ్చింది అది. మామూలు సీఎస్‌వీ నొక్కితే తెలుగు పేర్లన్నీ 63లైపోతాయి, అంటే ప్రశ్నార్థకాలు.

ఎక్సెల్లో అంకెలకూ ఒక గండముంది. మామూలు గడిలో 12 అంకెల ఆధార్ నంబరు కొడితే పూర్తిగా చూపించకుండా దశాంశం పెట్టి, చివర ఈ ప్లస్ 11 అని కుదించేస్తుంది. అక్కడ నంబరు లోపల భద్రంగానే ఉంటుంది. బ్యాంకు ఖాతా నంబరు 15 అంకెలు దాటితే మాత్రం పదహారో అంకె నుంచి అన్నీ సున్నాలే మిగులుతాయి, వెనక్కి రావు. ఖాతా నంబరు ముందు సున్నాలుంటే అవీ పోతాయి. సాయం డబ్బు రావాల్సిన జాబితాలో ఇదెంత పెద్ద తప్పో వేరే చెప్పక్కర్లేదు. నంబర్లు కొట్టకముందే ఆ నిలువు వరసను టెక్స్ట్‌గా మార్చుకోవాలి. కొట్టాక మారిస్తే పోయినవి రావు.

ఇక పంపడం. 120 మందికి ఒకే మెయిల్ వెళ్లాలంటే చిరునామాలను బీసీసీలో పెట్టండి, ఒకరి చిరునామా ఇంకొకరికి కనబడకూడదు. ఉచిత జీమెయిల్లో రోజుకు 500 మంది హద్దు.

సబ్జెక్టు గడిలో తెలుగు రాస్తే పనికిరాదని కొందరు భయపెడుతుంటారు. ఆ భయానికి ఒకప్పుడు కారణముండేది. ఈమెయిల్ తలకట్టులో ఇంగ్లిష్ అక్షరాలు మాత్రమే పట్టేవి. తెలుగును మారువేషంలో పంపే పద్ధతిని 1996లో ప్రమాణంగా రాశారు. ప్రతి 3 బైట్లను 4 ఇంగ్లిష్ గుర్తులుగా మార్చి, ముందూ వెనకా 12 గుర్తుల కట్టు కడతారు. వెంకటాచలంలోని 27 బైట్లు 36 అవుతాయి, కట్టుతో 48. ఒక్కో ముక్క 75 గుర్తులు దాటకూడదు. కట్టు పోగా లెక్క తేల్చితే ఒక ముక్కలో పట్టేవి 45 బైట్లు, అంటే 15 తెలుగు గుర్తులు. "రొయ్యల గుంటకు కరెంటు మీటరు కోసం అర్జీ" అనే సబ్జెక్టు ఖాళీలతో కలిపి 101 బైట్లు, కాబట్టి 3 ముక్కలుగా ప్రయాణం చేస్తుంది. అక్షరాన్ని మధ్యలో కోయకూడదని అదే ప్రమాణంలో నియమముంది. దాన్ని పాటించని పాత సాఫ్ట్‌వేర్ 3 బైట్ల అక్షరాన్ని ఒకటి ఇటు, రెండు అటు విరిచేది. నల్లటి డైమండ్ మధ్య ప్రశ్నార్థకం కనిపించేది అందుకే. నేడు వాడే మెయిల్ సర్వీసులు ఈ పని చక్కగా చేస్తున్నాయి. సబ్జెక్టు నిస్సంకోచంగా తెలుగులో రాయండి. మాట వరసకు ఊరి పేరు, పని పేరు మొదటి 15 గుర్తుల్లో వచ్చేటట్టు చూసుకుంటే ఫోన్ తెర మీద కూడా విషయం కనబడుతుంది.

అటాచ్‌మెంట్ల బరువు దగ్గరా ఇదే 3కు 4 లెక్క. జీమెయిల్ హద్దు 25 ఎంబీ. దారిలో ఫైలు మూడో వంతు పైగా పెరుగుతుంది కాబట్టి 18 ఎంబీ దాటిందంటే వెనక్కి తిరిగొచ్చే ప్రమాదాన్ని లెక్కలో ఉంచుకోవాలి.

అంత బరువు ఎందుకవుతుందంటే స్కానింగు వల్లే. ఒక ఏ4 పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేస్తే అడ్డం 2,480, నిలువు 3,508, మొత్తం 87 లక్షల చుక్కలు. చుక్కకు 3 బైట్లు. కుదించకముందు 26 ఎంబీ. జేపెగ్‌గా కుదిస్తే చాలా తగ్గుతుంది, నిజమే. అయినా అదే పేజీలో 1,500 తెలుగు గుర్తులుంటే టైపు చేసిన పాఠం 4,500 బైట్లు. కుదించని స్కానుతో పోలిస్తే 5,800వ వంతు. పట్టాదారు పాస్‌బుక్, సంతకం ఉన్న రసీదు లాంటివి స్కాన్ చేయక తప్పదు. వాటికి 200 చుక్కల బూడిద రంగు చాలు, కుదించకముందే 3.9 ఎంబీకి దిగుతుంది. అర్జీ పాఠం మాత్రం టైపు చేసినదాన్ని అలాగే పంపాలి. వర్డ్ ఫైలూ పీడీఎఫ్‌గా సేవ్ చేసిందీ రెండూ జతపరిస్తే మరీ మంచిది. పీడీఎఫ్ చూపుకు బాగుంటుంది గానీ అందులోంచి తెలుగు కాపీ చేస్తే వత్తులు తారుమారవుతుంటాయి. పీడీఎఫ్ దాచుకునేది అక్షరం ఆకారాన్ని, అక్షరాన్ని కాదు.

వర్డ్‌లో లైన్ స్పేసింగ్ దగ్గర చిన్న జాగ్రత్త. గౌతమిలో వరసల మధ్య ఎడం ఎక్కువగా కనిపిస్తుందని చాలామంది ఎగ్జాక్ట్‌లీ అని పెట్టి 14 పాయింట్లకు బిగిస్తారు. 12 పాయింట్ల అక్షరానికి ఇంగ్లిష్‌లో అది చాలు. తెలుగులో స్త్రీ అని రాస్తే కింద వేలాడే వత్తులు తెగిపోతాయి. 20 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. లిబ్రెఆఫీస్ వాడేవాళ్లకు ఇంగ్లిష్ సైజు, తెలుగు సైజు రెండు వేర్వేరు గడుల్లో ఉంటాయి. ఒకటి పెంచితే రెండోది పెరగలేదని కంగారు పడొద్దు.

వెంకటాచలంలో ఈ సంగతులు అర్జీలతో ఆగవు. ఇదే మండలంలోని కాకుటూరులో 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. తెలుగుకు 2008 అక్టోబరు 31న ప్రాచీన హోదా వచ్చాక మైసూరులో మొదలైన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం తరలివచ్చి, 2020 జనవరిలో వెంకటాచలంలోని స్వర్ణభారత్ ట్రస్టు ప్రాంగణంలో తలుపులు తెరిచింది. శాసనాల పాఠాలను టైపు చేసి ఒకరికొకరు పంపుకోవాల్సిన పని ఇలాంటి చోట్ల రోజూ ఉంటుంది. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లోనే 3 సంపుటాలుగా అచ్చువేశారు. ఆ పాఠాలు వెతకడానికి వీలైన తెలుగులోకి రావాలంటే పాత అక్షరాలకు కూడా అంకెలుండాలి. ప్రాచీన శాసనాల్లో కనిపించే ఴ అక్షరానికి యూనికోడ్‌లో స్థానం దొరికింది 2014లో. నకారపొల్లుకు విడిగా స్థానం 2021లో. అంతకుముందు తయారైన ఫాంట్లలో ఆ రూపాలు ఉండవు కాబట్టి శాసన పాఠం మెయిల్లో అందుకున్నవాళ్లకు సరిగ్గా ఆ అక్షరం దగ్గరే డబ్బా కనబడుతుంది. కొందరు దాన్ని అచ్చుతప్పనుకుని చెరిపేసి, ళ అనో డ అనో దిద్దేస్తారు. పంపేవాళ్లు కొత్త వెర్షన్ ఫాంటు వాడి, దాన్ని ఫైలులో పొదిగి, మెయిల్ మొదటి వరసలోనే ఆ అక్షరం ఉందని, దాని అంకె 3124 అని రాసి పంపాలి. డబ్బా కనబడినవాళ్లు దాని వెనక కర్సర్ పెట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కితే చివర 34 వస్తుంది. వస్తే అక్షరం చేరినట్టే.